పట్టపగలు చుక్కలు

ఆయన్ని ఊరంతా చుక్కల మేస్త్రి అంటారు. కొత్తగా విన్నవాళ్లు "ఓహో, సాయంత్రమైతే చుక్క పడాలన్నమాట" అని ముసిముసిగా నవ్వుకుంటారు. పాపం, ఆయన జన్మలో చుక్క ముట్టలేదు. దగ్గుమందు కూడా వాసన చూసి, అనుమానపడి, ఆ తర్వాతే మింగే రకం. ఆ పేరొచ్చింది వేరే చుక్క వల్ల. డీజిల్లో దాక్కున్న నీటి చుక్కని ఆయన పట్టినట్టు ఇంకెవరూ పట్టలేరు. గాజుసీసాలోకి కాస్త డీజిల్ వంచి, వెలుతురుకి ఎదురుగా ఎత్తి, ఒక కన్ను మూసి, "అదుగో, అడుగున నక్కింది దొంగపీనుగ" అనేవాడు. పక్కనున్నవాళ్లకి ఏమీ కనపడేది కాదు. ఐదు నిమిషాలు ఆగితే నిజంగానే సీసా అడుగున మినపగింజంత నీళ్లు వేరుపడి కూర్చునేవి.

ఈ విద్య ఆయనకి పుట్టుకతో వచ్చింది కాదు, చెంపదెబ్బతో వచ్చింది. ఇరవై రెండేళ్ల వయసులో ఒక పెద్ద మేస్త్రి దగ్గర పనికి కుదిరాడు. ఒకరోజు లారీకి కొత్త డీజిల్ ఫిల్టరు వేయమంటే, ఖాళీ ఫిల్టరుని అలాగే బిగించి పంపేశాడు. గొట్టాల్లో గాలి చేరింది. లారీ వెళ్లి వెళ్లి సరిగ్గా రైలు గేటు మధ్యలో, పట్టాల మీద ఆగిపోయింది. రైలుకింకా పది నిమిషాలుందనగా, గేటు దగ్గరున్న జనమంతా కలిసి తోసి గట్టెక్కించారు. పెద్ద మేస్త్రి తిరిగొచ్చి ఒక్క మాటా అనకుండా చెంప ఛెళ్లుమనిపించాడు. తర్వాత తీరిగ్గా చెప్పాడు: "ఎండిన గొంతుతో ఎవర్నీ దారి పట్టించకూడదురా. మనిషినైనా సరే, బండినైనా సరే."

ఆ రోజు నుంచి ముప్ఫై నాలుగేళ్లపాటు ఆయన చేతి మీదుగా ఎండు ఫిల్టరు ఒక్కటీ బండెక్కలేదు. కొత్త ఫిల్టరుని నిటారుగా పట్టుకుని, మధ్యనున్న పెద్ద రంధ్రంలోంచి డీజిల్ పోసి, బుడగలు ఆగేదాకా చూసి, మళ్లీ పోసి, అంచుదాకా నింపేవాడు. రబ్బరు వాషరుకి వేలితో డీజిల్ రాసి, చుక్క ఒలకకుండా తీసుకెళ్లి, చేత్తోనే తిప్పి బిగించేవాడు. తాళం తిప్పగానే బండి ఠక్కున అందుకునేది. అప్పుడాయన మొహం చూడాలి, పిల్లాడికి పాలు పట్టి నిద్రపుచ్చిన తల్లిలా ఉండేది.

ఆయన పనిచేసేది ఆసుపత్రి బళ్ల షెడ్డులో. ఊరు కొండకి ఇటువైపు, పెద్దాసుపత్రి అటువైపు. రోగుల్ని కొండ దాటించి తీసుకెళ్లి తీసుకురావడానికి నాలుగు వ్యాన్లున్నాయి. మూడేళ్ల కిందట పాతవన్నీ తీసేసి, కామన్ రైలు ఇంజన్లున్న కొత్తవి తెచ్చారు. పేరు వినగానే మేస్త్రి మొహం చిట్లించాడు. "నాకు రైలంటే ముందునుంచీ పడదు" అన్నాడు. ఆ గేటు సంగతి తెలిసినవాళ్లు పడీపడీ నవ్వారు.

వాటిని ఎలా చూసుకోవాలో చెప్పడానికి కంపెనీ మనిషి ఒకాయన వచ్చి, సగం రోజు గొంతెండేలా చెప్పాడు. పాత ఇంజన్లు ఏం పోసినా అరిగించుకునేవి, ఇవి అలా కాదు. పంపు డీజిల్‌ని టైరులో గాలికంటే కొన్ని వందల రెట్లు ఒత్తిడితో 'రైలు' అనే ఒకే గొట్టంలోకి నొక్కి పెడుతుంది. అక్కణ్ణుంచి అది వెంట్రుకకంటే సన్నని రంధ్రాల్లోంచి చిమ్ముతుంది. కంటికి కనపడని నలుసు పడినా ఆ రంధ్రాన్ని మూసి తెరిచే సూది ఇరుక్కుపోతుంది. అందుకని ఒక మాట మూడుసార్లు చెప్పాడు: "ఫిల్టరు నింపి బిగించకండి. చుట్టూ ఉన్న చిన్న రంధ్రాలు డీజిల్ లోపలికెళ్లే దారి. మధ్యనున్న పెద్దది, వడపోత అయ్యాక బయటికొచ్చే దారి. మీరు మధ్యలో పోశారంటే వడకట్టకుండా సూటిగా ఇంజను గుండెలో పోసినట్టే. ఖాళీగా బిగించి, పైనున్న చేతిపంపు నొక్కండి. అదే నిండుతుంది."

చుక్కల మేస్త్రి వెనక బెంచీ మీద కూర్చుని గోళ్లలో మట్టి తీసుకుంటున్నాడు. మాట వినపడకపోలేదు. కానీ వినపడటం వేరు, చెవినబెట్టడం వేరు. తర్వాత షెడ్డులో మిగతావాళ్లంతా చేతిపంపు నొక్కడం మొదలుపెడితే, "నలభైసార్లు నొక్కుతూ కూర్చోడానికి అదేమన్నా పీపీ బొమ్మా?" అని ఎగతాళి చేశాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్న మనిషికి ఎవరు చెప్పగలరు? పైగా ఆయన నింపి బిగించిన బళ్లు అప్పటికి పదో పన్నెండో సార్లు కొండెక్కి దిగాయి. ఒక్కటీ మొరాయించలేదు. ఆయన డబ్బా శుభ్రం, జగ్గు శుభ్రం, చెయ్యి శుభ్రం. అదీ ఆయన ధైర్యం.

రెండేళ్లుగా ఆయన భార్య కూడా ఆ వ్యాన్లలోనే కొండ దాటుతోంది. రెండు మూత్రపిండాలూ చెడిపోయాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్. పొద్దున ఏడింటికి ఒకటో నంబరు బండిలో ఇంకో ఐదుగురు రోగులతో కలిసి బయల్దేరేది. బండి నడిపేది ఆమె తమ్ముడే. నెమ్మదస్తుడు, స్టీరింగు పట్టుకున్నాక ఫోను మోగినా ముట్టడు. ఆ నియమం పెట్టింది మేస్త్రే.

భోజనాల దగ్గర ఆమె అక్కడి సంగతులు చెప్పేది. "అక్కడా ఒక ఫిల్టరుందండీ, జానెడు పొడవు గొట్టం. రక్తమంతా దాన్లోంచే పోయి రావాలి. దానికి అటూ ఇటూ మూతలుంటాయి. చివరి నిమిషం దాకా నర్సమ్మ వాటి మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వదు." ఆయన కంచంలోకి చూస్తూ "ఊఁ" అనేవాడు. ఆ రక్తమూ, ఆ గొట్టాలూ తలుచుకుంటేనే ఆయనకి అన్నం సయించదు. రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆ గది గడప తొక్కలేదు. ఆమె పోతే ఏమిటన్న ఆలోచన వస్తే లేచి వెళ్లి చేతులు కడుక్కునేవాడు.

ఒకరోజు సాయంత్రం మేస్త్రి ఒక పాత బండి డీజిల్ ట్యాంకు కడుగుతున్నాడు. తుప్పు పట్టిన ట్యాంకు. అడుగున మిగిలిన మురికి డీజిల్‌ని చేతికందిన జగ్గుతో తోడి పోస్తుండగా బావమరిది వచ్చాడు.

"బావా, నీళ్ల లైటు వెలిగింది. పసుపుది."

"ఎప్పుడు?"

"దిగేటప్పుడు. వెనక కూర్చున్నవాళ్లూ చూశారు."

మేస్త్రి చేతిలో జగ్గు చేతిలో ఉన్నట్టే వెళ్లి, దారిలో అరమీద పెట్టేసి, ఒకటో నంబరు బండి కిందికి దూరాడు. ఫిల్టరు అడుగున మర వదులు చేస్తే టీ గ్లాసుడు నీళ్లు దిగాయి. "ఇక దీన్ని నమ్మలేం. పొద్దున్నే కొత్తది వేస్తా" అన్నాడు.

తెల్లవారి ఆరింటికల్లా షెడ్డుకొచ్చాడు. తన భార్య ఎక్కే బండి మీద ఇంకెవరి చెయ్యీ పడనివ్వడు. కొత్త ఫిల్టరు తీశాడు. మధ్య రంధ్రానికి నీలం రంగు ప్లాస్టిక్ మూత గట్టిగా దిగేసి ఉంది. స్క్రూడ్రైవరు మొనతో పెకలించి కింద పడేశాడు. డబ్బాలోంచి జగ్గులోకి, జగ్గులోంచి ఫిల్టరులోకి డీజిల్ పోశాడు. ఆ వేళకి షెడ్డులో ఇంకా మసకమసగ్గానే ఉంది. బుడగలు ఆగాయి. మళ్లీ పోశాడు. అంచుదాకా నిండింది. ఆ రోజు ఎప్పటికంటే ప్రేమగా నింపాడు.

ఏడింటికి భార్య వచ్చి, డ్రైవరు వెనక కిటికీ పక్క తన సీట్లో కూర్చుంది. "మీ చుక్కలన్నీ తీసేశారా?" అంది.

"ఏరి పారేశా" అన్నాడు. బండి మెత్తగా కదిలి గేటు దాటింది.

ఏడూ ఇరవైకి ఎదురు గోడ మీంచి ఎండ లేచింది. షెడ్డు పైకప్పు రేకుకి ఒక మేకు రంధ్రం ఉంది. అందులోంచి సన్నని వెలుతురు గీత దిగి, సరిగ్గా అర మీదున్న జగ్గులో పడింది. జగ్గులో రెండు వేళ్ల ఎత్తు డీజిల్ మిగిలి ఉంది. మేస్త్రి అలవాటు కొద్దీ దాన్ని ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. అడుగున ఏవో మెరుస్తున్నాయి. ఒకటి కాదు, పది కాదు. జగ్గు కదిపితే అవి లేచి, తిరిగి, మళ్లీ కూర్చున్నాయి. వేలు ముంచి బొటనవేలితో రాసి చూశాడు. గరగరలాడింది.

నిన్న తుప్పు ట్యాంకు తోడిన జగ్గు అది. కడగలేదు. బోర్లించలేదు. చేతులారా తనే అర మీద పెట్టాడు.

పట్టపగలు చుక్కలు కనపడటమంటే ఏమిటో చుక్కల మేస్త్రికి ఆ రోజు తెలిసింది. కంపెనీ మనిషి మూడుసార్లు చెప్పిన మాట ఇప్పుడు పొల్లుపోకుండా చెవిలో మోగింది. మధ్యలో పోశారంటే సూటిగా ఇంజను గుండెలో పోసినట్టే. ఏం జరుగుతుందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు, అదే ఆయన ఖర్మ. ఏమీ తెలియనివాడికి భయం గుడ్డిగా ఉంటుంది. ఈయనకి ఒక్కో మరా ఒక్కో సూదీ కనపడుతున్నాయి. ఆ నలుసులు సూదుల్ని ఎక్కే దారిలోనే పట్టేయొచ్చు, దిగే దారిలో పట్టేయొచ్చు. దిగే దారిలో పదకొండు మలుపులు. మలుపులో ఇంజను ఆగిందంటే స్టీరింగు బిగుసుకుపోతుంది. బ్రేకు రెండు మూడుసార్లు తొక్కేసరికి రాయైపోతుంది. కిటికీ పక్క సీటు లోయ వైపు ఉంటుంది.

ఇక్కడ ఆయన చేసిన పనిని నేను వెనకేసుకు రాను. ఫోను తీయలేదు, పరిగెత్తలేదు, కేక వేయలేదు. కుళాయి దగ్గరికెళ్లి జగ్గు కడిగాడు. కిరసనాయిలు పోసి తిప్పి, సబ్బు రాసి, మళ్లీ నీళ్లతో కడిగాడు. పని మాత్రం నీటుగా చేశాడు.

కడగడం అవుతుండగా స్టోరు చూసుకునే ఆవిడ వచ్చింది. సామాన్లు ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఆవిడే. చేతిలో నీలం మూత ఉంది.

"మేస్త్రిగారూ, ఇది కింద పడుంది. ఏ బండిది?"

"ఏదో చెత్త. అవతల పారెయ్యమ్మా."

"చెత్తేంటండీ, కొత్త ఫిల్టరు మధ్య మూత కదా. బిగించేదాకా తీయొద్దన్నారుగా?"

ఆవిడ చూపు తడి జగ్గు మీద పడింది. జగ్గు మీంచి ఆయన మొహానికి, మొహం మీంచి ఒకటో నంబరు బండి నిలబడే ఖాళీ చోటుకి వెళ్లింది. మూతని ఆయన పక్కన బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

అప్పుడు ఫోను తీశాడు. బావమరిదికి చేశాడు. మోగింది, మోగింది, ఆగింది. మళ్లీ చేశాడు. ఎత్తడు. తను పెట్టిన నియమం తననే కాటేసింది. ఏడూ ముప్ఫై నాలుగు. ఇంకో పావుగంటలో బండి కొండపైకి చేరుతుంది. భార్యకి చేశాడు. రెండో మోతకే ఎత్తింది.

"ఏవండీ?"

"ఏమే... బండెలా ఉంది?"

"బండికేం, నాకంటే ఆరోగ్యంగా ఉంది. ఏం?"

వెనక ఇంజను శబ్దం వినిపిస్తోంది. ఒకే తీరుగా, నున్నగా ఉంది. చెప్పేయాలి. ఒక్క మాట. బండి ఆపమను, నేను తప్పు చేశాను. నోరు తెరిచాడు.

"ఏం లేదు. ఊరికే" అన్నాడు.

"ఊరికేనా?"

"మీ తమ్ముడికి ఇవ్వు ఒకసారి."

"వాడు నడుపుతున్నాడు, ఇవ్వను. మీరేగా వద్దన్నది. ఏవండీ, ఏమైంది? మీ గొంతేంటి అలా—"

అక్కడితో మాట తెగిపోయింది. కొండ మలుపులు మొదలయ్యాక సిగ్నలు ఉండదు. మళ్లీ చేశాడు, మళ్లీ మళ్లీ చేశాడు. అందుబాటులో లేరని ఒక ఆడగొంతు మర్యాదగా చెబుతూ పోయింది. చేతికందిన క్షణం చేజారిపోయింది. జార్చింది తనే.

షెడ్డు సూపర్‌వైజరు తన గదిలో విరిగిన కళ్లజోడు కాడకి దారం చుట్టుకుంటున్నాడు. మేస్త్రి గుమ్మంలో నిలబడి, "సార్, ఒకటో నంబరు బండిని ఆపాలి" అన్నాడు.

"ఏమైంది?"

"ఫిల్టరు... పాత పద్ధతిలో నింపేశాను సార్. మధ్యలోంచి."

సూపర్‌వైజరు దారం వదిలేశాడు. తిడతాడనుకున్నాడు మేస్త్రి. తిట్టినా బాగుండేది. ఆయన గోడకున్న తాళాల్లోంచి మూడో నంబరు బండి తాళం తీసి, "పద" అన్నాడు. "అందులో ఉన్నవాళ్లని వేరే బండిలోకి ఎక్కించాలి. దారిలో ఆపి వెనక్కి తెస్తే ఆరుగురికీ డయాలసిస్ తప్పుతుంది. అది మాత్రం ప్రాణం మీదికి రాదా?"

సూపర్‌వైజరే నడిపాడు. మేస్త్రి పక్క సీట్లో కూర్చున్నాడు. ఊరు దాటాక, ఎక్కే దారి మొదలయ్యాక, ప్రతి మలుపులో ముందు రోడ్డు చూసేవాడు, తర్వాత పిట్టగోడ చూసేవాడు, ఆ తర్వాత మనసు రాకపోయినా గోడ అవతలికి చూసేవాడు. ఐదో మలుపులో రోడ్డు మీద నల్లగా టైరు మరకలు. "ఆపండి సార్" అని గట్టిగా అరిచాడు. పాత మరకలు. దుమ్ము పట్టి ఉన్నాయి. ఎనిమిదో మలుపులో పిట్టగోడ రాయొకటి ఊడి ఉంది. దాని సందులో గడ్డి మొలిచి ఉండటం చూశాకే ఊపిరి తీసుకున్నాడు. భార్య సీటు మీదే ఉంది ధ్యాసంతా. ఆ సీటు బెల్టు బకిల్ కాస్త వదులని నెల రోజులుగా తెలుసు, బాగుచేద్దాం చేద్దాం అనుకుంటూనే ఉన్నాడు.

"పోసిన డీజిల్ శుభ్రమైనదే కదా?" అన్నాడు సూపర్‌వైజరు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"డబ్బాలోది శుభ్రమైనదే సార్" అన్నాడు మేస్త్రి. అబద్ధం కాదు. నిజమూ కాదు.

"అలాగైతే కొంత నయం. దేవుడు చల్లగా చూస్తే దాటేస్తారు." ఆ మాటకి మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. చెప్పేస్తే బండి ఇంకాస్త వేగంగా పోదు కదా అని తనకి తను సర్దిచెప్పుకున్నాడు. పిరికివాడికి లాజిక్కులు తక్కువా?

కొండపైన, దిగే దారి మొదలయ్యే ముందు, బళ్లు ఆపుకునేందుకు చదును చేసిన చోటొకటుంది. ఆఖరి మలుపు తిరగ్గానే అక్కడ తెల్లగా బండి కనిపించింది. నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది. కిటికీల్లో తలలు కనపడుతున్నాయి. ఒకటి, రెండు, మూడు... ఆరు. మేస్త్రి రెండోసారి కూడా లెక్కపెట్టాడు. బండి ఆగేలోపే దిగబోయి మోకాళ్ల మీద పడ్డాడు.

బావమరిది మొహం కందగడ్డలా చేసుకుని ఎదురొచ్చాడు. "ఏంటి బావా ఇది? అక్క బండి ఆపకపోతే తలుపు తీసి దూకేస్తానంది! నలభై నిమిషాలుగా ఇక్కడే. ఏ లైటూ వెలగలేదు, ఏ శబ్దమూ లేదు. కొండంతా వెన్నలా లాగింది."

"తాళం ఇటివ్వు" అన్నాడు మేస్త్రి.

"ఎందుకు? చూడు, నీకే వినిపిస్తా." కోపంగా ఎక్కి తాళం తిప్పాడు. ఇంజను తిరిగింది, అందుకోలేదు. మళ్లీ తిప్పాడు. ఈసారి అందుకుంది. అందుకున్న మరుక్షణం లోపల ఎవరో సుత్తితో బాదుతున్నట్టు టకటకలాడి, బండి మొత్తం గడగడ వణికి, వెనక తెల్లటి పొగ కక్కి, ఠక్కున ఆగిపోయింది. బావమరిది మళ్లీ తాళం ముట్టుకోలేదు. అద్దంలోంచి ఎదురుగా దిగే దారికేసి చూస్తూ అలాగే కూర్చుండిపోయాడు. కాసేపటికి దిగి, తాళం బావ చేతిలో పెట్టాడు.

రోగుల్ని ఒక్కొక్కరినే మూడో నంబరు బండిలోకి మార్చారు. భార్య ఆయన భుజం పట్టుకుని దిగింది. దిగే దారిలో ఆమె పక్కనే కూర్చున్నాడు. పదకొండు మలుపులూ లెక్కపెట్టాడు. ఆమె చెయ్యి ఆయన చేతిలోనే ఉంది కానీ ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ ఉంది.

ఆసుపత్రికి గంట ఆలస్యంగా చేరారు. మేస్త్రి రెండేళ్లలో మొదటిసారి ఆ గదిలోకి వెళ్లాడు. వరుసగా మంచాలు, పక్కనే మిషన్లు, మిషన్లకి గొట్టాలు. నర్సు ఒక కొత్త ఫిల్టరు చేతిలోకి తీసుకుంది. సరిగ్గా భార్య చెప్పినట్టే జానెడు పొడవుంది. ఒక కొస మూత సగం ఊడి వేలాడుతోంది. నర్సు దాన్ని చెత్తబుట్టలో పడేసి, ఇంకోటి తెమ్మంది.

మేస్త్రి ఉండబట్టలేక, "శుభ్రంగానే ఉన్నట్టుంది కదమ్మా?" అన్నాడు.

"ఉండొచ్చు. మూత ఎప్పుడు ఊడిందో నాకు తెలీదుగా" అంది నర్సు. రెండోదాని మూతలు ఆఖరి క్షణంలో తీసి గొట్టాలు తగిలించి, ముందు ఉప్పునీళ్లు పంపింది. లోపలి గాలంతా బుడగలు బుడగలుగా బయటికొచ్చేదాకా ఫిల్టరు మీద వేలితో తడుతూ నిలబడింది. అచ్చం చేతిపంపు నొక్కినట్టే. తొందరపడలేదు. మేస్త్రి కళ్లప్పగించి చూశాడు.

రక్తం గొట్టాల్లోకి ఎక్కాక నర్సు పక్క మంచం దగ్గరికి వెళ్లింది. మేస్త్రి స్టూలు భార్య మంచం దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు.

"నీకెలా తెలిసిందే? ఇంజను శబ్దం మారిందా?"

"ఇంజను శబ్దం నాకేం తెలుసు?" అందామె. "మీ గొంతు తెలుసు. రెండేళ్లుగా ఈ బండెక్కుతున్నా, ఒక్కనాడైనా ఫోను చేసి బండెలా ఉందని అడిగారా? మీరు చూసి పంపిన బండి గురించి మీరు నన్నడిగారంటే..." మాట ఆపి ఆయాసం తీర్చుకుంది. "అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది."

"నేను చచ్చిపోతాననా?"

అవునంటే సరిపోయేది. ఏ భర్త అయినా అవుననేవాడు, ఏ భార్య అయినా నమ్మేది. మేస్త్రి గొట్టంలో తిరుగుతున్న ఎర్రటి రక్తం వైపు చూశాడు.

"కాదు" అన్నాడు. "చేసింది నేనని నీకు తెలిసిపోతుందని."

ఆమె కళ్లు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాడు. అంతలో కళ్లు తెరవకుండానే అడిగింది.

"దేంతో పోశారు?"

"జగ్గుతో. తుప్పు ట్యాంకు తోడిన జగ్గు."

"కడిగేశారా?"

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. "నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? ఇంట్లో గ్లాసు పగిలినా ముందు ముక్కలు దాచి, ఆ తర్వాతే నాకు చెప్పే మనిషి మీరు." ఆమె గొంతులో నవ్వుందో లేదో ఆయనకి తెలియలేదు. "సూపర్‌వైజరుగారికి తెలుసా?"

"నింపానని చెప్పా. తుప్పు సంగతి చెప్పలేదు."

"ఆ బండిని ఎవరో ఒకరు బాగుచేస్తారు కదా. ట్యాంకు నుంచి సూదుల దాకా అన్నీ విప్పి కడగాలని వాళ్లకెలా తెలుస్తుంది? ఫిల్టరొక్కటి మార్చి మళ్లీ కొండెక్కిస్తే?"

ఆ సంగతి మేస్త్రికి తట్టనే లేదు. నీటి చుక్కని పట్టే కంటికి అంతటి మాట ఆనలేదు.

"నేను నాలుగు గంటలు ఇక్కడే ఉంటాను. ఎక్కడికీ పోను" అందామె. "వెళ్లి చెప్పి రండి."

మేస్త్రి లేచాడు. జేబులో చెయ్యి పెడితే నీలం మూత తగిలింది. షెడ్డులోంచి బయల్దేరేటప్పుడు ఎప్పుడు తీసి వేసుకున్నాడో ఆయనకే గుర్తులేదు. బయట వసారాలో బెంచీ మీద సూపర్‌వైజరు కూర్చుని, దారం చుట్టిన కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. మేస్త్రి వెళ్లి పక్కన కూర్చుని, మూత తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు.

"సార్" అన్నాడు, "ఇంకొకటుంది."